వయసు మళ్లిన కుక్కకు, పిల్లికి ఏటా పరీక్షలు: రిపోర్టు చెప్పేదెంత, చెప్పనిదెంత

క్లుప్తంగా

కుక్కలూ పిల్లులూ జబ్బును చాలాకాలం బయటపడనివ్వవు. అందుకే వయసు మళ్లిన జంతువులకు లక్షణాలు కనిపించకముందే పరీక్షలు చేయించాలని పశువైద్యులు సూచిస్తారు. అయితే ఈ పరీక్షల అసలు ఉపయోగం ఏదో ఒక్క రిపోర్టులో దొరకదు. అదే జంతువు పాత అంకెలతో కొత్త అంకెలను పోల్చినప్పుడే తెలుస్తుంది. కిడ్నీ, రక్తపోటు, గుండె కవాటం, పళ్ల విషయంలో ముందే పసిగడితే చేయగలిగింది ఉంది. కొన్ని క్యాన్సర్ల విషయంలో అంత లేదు. తెలుగు రాష్ట్రాల్లో వీటికి తోడు పిడుదుల జ్వరాన్నీ, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల గర్భసంచి జబ్బునూ లెక్కలోకి తీసుకోవాలి.

ముసలితనం ఎప్పుడు మొదలైనట్టు?

నగరాల్లోని పెట్ క్లినిక్‌లు ఇప్పుడు ‘సీనియర్ ప్యాకేజీ’ పేరుతో రక్తం, మూత్రం, ఎక్స్‌రే, స్కానింగ్ అన్నీ కలిపి చేస్తున్నాయి. ఏడేళ్లు నిండగానే చేయించాలని కొన్నిచోట్ల, పదేళ్ల దాకా అక్కర్లేదని మరికొన్నిచోట్ల చెబుతుంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. కుక్కల్లో ముసలితనం వయసుతో పాటు శరీర పరిమాణం మీద కూడా ఆధారపడుతుంది.

అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, ఒక కుక్క జీవితకాలంగా అంచనా వేసిన దానిలో చివరి నాలుగో వంతు వృద్ధాప్యం. ఎనిమిదేళ్లు బతుకుతుందనుకునే గ్రేట్ డేన్‌కు ఆరో ఏటే ముసలితనం వచ్చినట్టు. పన్నెండేళ్లు బతికే లాబ్రడార్‌కు తొమ్మిదో ఏట, పద్నాలుగైదేళ్లు బతికే పొమరేనియన్‌కు సుమారు పదకొండో ఏట వస్తుంది. పిల్లుల్లో జాతుల మధ్య పరిమాణంలో ఇంత తేడా ఉండదు కాబట్టి పదేళ్లు దాటితే వృద్ధాప్యం కిందే లెక్క.

పరీక్షలు మాత్రం ముసలితనం వచ్చేదాకా ఆగకూడదు. జంతువు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే, అంటే మధ్యస్థ, పెద్ద జాతి కుక్కలకు ఐదారేళ్లకు, చిన్న కుక్కలకు, పిల్లులకు ఏడేళ్లకు ఒకసారి రక్తం, మూత్రం, బరువు, రక్తపోటు నమోదు చేసి పెట్టుకోవాలి. తర్వాతి రిపోర్టులన్నిటికీ అదే కొలబద్ద. వృద్ధాప్యంలో అడుగుపెట్టాక ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించడం, ఏడాదికోసారి రక్త, మూత్ర పరీక్షలు చేయించడం సాధారణ పద్ధతి. ఆరు నెలలు తక్కువ వ్యవధిగా అనిపించవచ్చు. పన్నెండేళ్ల ఆయుష్షులో ఆరు నెలలంటే ఇరవై నాలుగో వంతు.

‘నార్మల్ రేంజ్’లో ఉన్న చిక్కు

ల్యాబ్ రిపోర్టులో ప్రతి అంకె పక్కనా ఒక పరిధి ముద్రిస్తారు. ఆరోగ్యంగా ఉన్న జంతువుల్ని కొలిచి, రెండు చివర్లలో రెండున్నర శాతం చొప్పున వదిలేసి, మధ్యలోని 95 శాతాన్ని ఆ పరిధిగా తీసుకుంటారు. అంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా ప్రతి పరీక్షలో ఇరవైకి ఒకసారి గీత దాటి కనిపిస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేస్తే, కనీసం ఒకటైనా ‘అబ్‌నార్మల్’ అని వచ్చే అవకాశం సుమారు 64 శాతం. పెద్ద ప్యాకేజీ కొన్న ప్రతి మూడు ఇళ్లలో రెండిళ్లవాళ్లు రిపోర్టులో ఎర్రగీత చూసి కంగారుపడేది ఇందుకే. ఆ అంకె కొద్దిగానే దాటి, జంతువులో వేరే లక్షణాలేవీ లేకపోతే రెండు నుంచి నాలుగు వారాల తర్వాత అదొక్కటే మళ్లీ చూడటం సరైన పద్ధతి.

దీనికి రెండో వైపు మరింత ముఖ్యమైనది. పరిధిలోనే ఉన్న అంకె జబ్బును దాచగలదు. ఒక చిన్న కుక్కకు ఆరో ఏట క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టే వ్యర్థం) 0.6 ఉండి, తొమ్మిదో ఏట 1.2 వచ్చిందనుకుందాం. రెండు రిపోర్టుల్లోనూ ‘నార్మల్’ అనే ఉంటుంది. కానీ కిడ్నీల వడపోత సామర్థ్యం దాదాపు సగానికి పడిపోయి ఉండవచ్చు. పాత రిపోర్టు చేతిలో లేకపోతే ఈ మార్పు ఎవరి కంటా పడదు.

పోలిక నిలవాలంటే పరిస్థితులు కూడా ఒకేలా ఉండాలి. వీలైనంతవరకు అదే ల్యాబు, అదే యంత్రం. కుక్కకైతే 8 నుంచి 12 గంటలు మేత లేకుండా, నీళ్లు మాత్రం ఎప్పటిలా పెట్టి రక్తం తీయించాలి. తిన్న వెంటనే తీస్తే కొవ్వు కలిసి సీరం పాలలా మారి చాలా అంకెలు తప్పుతాయి. షుగర్ ఉన్న జంతువుకు మాత్రం డాక్టరును అడగకుండా పస్తు పెట్టకూడదు. మే నెల ఎండలో ఆటోలో గంటసేపు తిరిగి వగరుస్తూ వచ్చిన కుక్క రక్తంలో యూరియా, క్రియాటినిన్, ప్రోటీన్ అన్నీ కాస్త పైకే చూపిస్తాయి. అది ఒంట్లో నీరు తగ్గడం వల్ల కావచ్చు. వేసవిలో తెల్లవారుజాము అపాయింట్‌మెంటు తీసుకోవడం మేలు.

కిడ్నీ: ముందే తెలిస్తే లాభం ఎక్కువగా ఉన్నచోటు

ముసలి పిల్లులను ఎక్కువగా పీడించే జబ్బుల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఒకటి. కుక్కల్లోనూ తక్కువేం కాదు. కిడ్నీలోని వడపోత గొట్టాల్లో సుమారు 75 శాతం పని మానేసేదాకా క్రియాటినిన్ పరిధి దాటదు. మిగిలిన గొట్టాలు అదనపు పని నెత్తిన వేసుకుని లోటును కప్పిపుచ్చుతాయి. 2015 నుంచి వాణిజ్యపరంగా అందుబాటులోకి వచ్చిన ఎస్‌డీఎంఏ అనే పరీక్ష సగటున 40 శాతం నష్టానికే పెరుగుదల చూపిస్తుంది. డెసిలీటరుకు 14 మైక్రోగ్రాములు దాటి రెండు మూడుసార్లు అలాగే నిలిస్తే కిడ్నీ వైపు చూడాలి.

ఎస్‌డీఎంఏకు ఇంకో ప్రయోజనం ఉంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం. ముసలి పిల్లి వెన్ను ఎముకలు తేలి, తొడ కండ కరిగిపోతే క్రియాటినిన్ ఉత్పత్తే తగ్గిపోతుంది. కిడ్నీ చెడినా అంకె మామూలుగానే ఉంటుంది. ఎస్‌డీఎంఏ మీద కండ ప్రభావం దాదాపు ఉండదు. బక్కచిక్కిన పిల్లికి క్రియాటినిన్ ఒక్కటే చూసి ‘కిడ్నీలు బాగున్నాయి’ అనేయడం తరచూ జరిగే పొరపాటు.

అంతర్జాతీయ సంస్థ ఐరిస్ ఈ జబ్బును నాలుగు దశలుగా విడగొట్టింది. డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పాలంటే, కుక్కలో క్రియాటినిన్ 1.4 లోపు ఉంటే మొదటి దశ, 1.4 నుంచి 2.8 వరకు రెండోది, 2.9 నుంచి 5 వరకు మూడోది, ఆపైన నాలుగోది. పిల్లుల్లో మొదటి గీత 1.6 దగ్గర ఉంటుంది, మిగతావి అవే. మొదటి దశలో ఉందంటే జబ్బు లేదని అర్థం కాదు. మూత్రంలోనో స్కానింగ్‌లోనో కిడ్నీ దెబ్బతిన్న ఆనవాళ్లు ఉన్నా, రక్తంలో ఇంకా కనిపించని స్థితి అది.

ఇక్కడే మూత్ర పరీక్ష విలువ తెలుస్తుంది. అన్నిటికంటే చవకైనదీ, అందరూ ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. మంచి కిడ్నీ నీటిని వెనక్కి పీల్చుకుని మూత్రాన్ని చిక్కగా చేస్తుంది. మూత్రం సాంద్రతను కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే కుక్కకు 1.030, పిల్లికి 1.035 దాటాలి. క్రియాటినిన్ పెరిగి మూత్రం చిక్కగా ఉంటే ఒంట్లో నీరు తగ్గిందని అనుమానించవచ్చు. క్రియాటినిన్ పెరిగి మూత్రం పలచగా ఉంటే కిడ్నీయే అనుమానితం. రక్తంలోని ఒకే అంకెకు రెండు అర్థాలు ఉంటాయి. మూత్రం లేకుండా వాటిని విడదీయడం కుదరదు.

రెండో కొలత మూత్రంలో ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ మధ్య నిష్పత్తి. ఇది 0.2 లోపు ఉంటే చింత లేదు. కుక్కలో 0.5, పిల్లిలో 0.4 దాటి, కనీసం రెండు వారాల ఎడంతో చేసిన పరీక్షల్లోనూ అలాగే ఉంటే చికిత్స ఆలోచించాలి. అయితే మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ గానీ రక్తం గానీ ఉంటే ఈ నిష్పత్తికి అర్థం ఉండదు. ముందు వాటి సంగతి తేల్చాలి.

నమూనా సేకరణకు ఇంట్లో పెద్ద సరంజామా అక్కర్లేదు. ఉదయం మొదటిసారి కుక్క మూత్రం పోస్తున్నప్పుడు మధ్యధారను శుభ్రమైన వెడల్పాటి గిన్నెలో పట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోయాలి. 5 మిల్లీలీటర్లు చాలు. పిల్లికైతే ట్రేలోని ఇసుక తీసేసి, నీరు పీల్చని ప్లాస్టిక్ పూసలు వేసి ఉంచాలి. అరగంటలో ల్యాబుకు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో ఎక్కువసేపు ఉంటే లేని స్ఫటికాలు పుట్టుకొస్తాయి. కల్చర్ (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష) అవసరమైతే మాత్రం డాక్టరే పొట్ట మీదుగా మూత్రాశయం నుంచి నేరుగా సూదితో తీయాలి. గిన్నెలో పట్టినది దానికి పనికిరాదు. మనుషుల కోసం చేసిన మూత్రపు పట్టీల్లో సాంద్రత, తెల్లకణాల గడులు జంతువులకు నమ్మదగ్గవి కావు.

ముందే తెలిసినందువల్ల ఒరిగేదేమిటి? ఫాస్ఫరస్ తగ్గించిన ఆహారం, నీటి తాగుడు పెంచడం, రక్తపోటు అదుపు, ప్రోటీన్ పోకను తగ్గించే మందు. ఈ నాలుగూ రెండు, మూడు దశల్లో బాగా పనిచేస్తాయి, నాలుగో దశలో అంతగా పనిచేయవు. ‘కిడ్నీకి మంచిది’ అని పిల్లికి పెరుగన్నం మాత్రమే పెట్టడం మాత్రం ప్రమాదం. పిల్లి శరీరం టారిన్‌ను తగినంత తయారు చేసుకోలేదు. అది మాంసాహారం నుంచే రావాలి. లేకపోతే గుండె, చూపు దెబ్బతింటాయి.

హైదరాబాద్‌తో సహా మన నగరాల్లో పర్షియన్ పిల్లులు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఈ జాతిలో వంశపారంపర్యంగా కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే జబ్బు ఉంది. దీనికి వృద్ధాప్యం దాకా ఆగనక్కర్లేదు. పది నెలల వయసు దాటాక అల్ట్రాసౌండ్‌లో చాలావరకు కనిపిస్తుంది, జన్యుపరీక్షలో ఏ వయసులోనైనా తేలుతుంది. పిల్లిని ఈనించాలనుకునే వాళ్లు ముందే చూపించుకోవడం మంచిది.

రక్తపోటు, థైరాయిడ్, గుండె

పిల్లుల్లో అధిక రక్తపోటు తరచూ కిడ్నీ జబ్బు వల్లో, థైరాయిడ్ హార్మోను ఎక్కువైనందువల్లో వస్తుంది. ముందు హెచ్చరిక ఏమీ ఉండదు. రెటీనా ఊడి, పిల్లి ఒక్కరోజులో గుడ్డిదైపోయి గోడలకు గుద్దుకుంటుంటే అప్పుడు బయటపడుతుంది. పై అంకె 140 లోపు మామూలు. 160 దాటితే అధికం. 180 దాటితే కన్ను, మెదడు, గుండె, కిడ్నీలకు ముప్పు ఎక్కువ. మనుషులు వాడే ఆమ్లోడిపినే పిల్లులకూ ప్రధాన మందు. మోతాదు మాత్రం డాక్టరే లెక్కకట్టాలి.

కొలిచే తీరులోనే సగం తప్పులు జరుగుతాయి. కాలికి లేదా తోకకు కట్టే పట్టీ వెడల్పు ఆ భాగం చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. సన్నదైతే అంకె ఎక్కువగా, వెడల్పైతే తక్కువగా వస్తుంది. జంతువును ఐదు నుంచి పది నిమిషాలు నిశ్శబ్దమైన గదిలో కుదుటపడనిచ్చి, మొదటి కొలత వదిలేసి, తర్వాతి ఐదారింటి సగటు తీసుకోవాలి. రక్తం తీశాక, థర్మామీటరు పెట్టాక బీపీ చూడటం వృథా. పక్కగదిలో కుక్క మొరుగుతుంటే పిల్లికి వచ్చే అంకెను నమ్మలేం. షుగర్ సంగతీ అంతే. భయపడిన పిల్లి రక్తంలో గ్లూకోజు 300 దాకా వెళ్లడం అరుదేం కాదు. అందుకే పిల్లికి మధుమేహం ఉందని చెప్పే ముందు, గత ఒకటి రెండు వారాల సగటును చూపే ఫ్రక్టోజమైన్ పరీక్ష గానీ ఇంట్లో పట్టిన మూత్రంలో షుగర్ గానీ చూడాలి.

థైరాయిడ్‌లో కుక్కా పిల్లీ ఒకదానికొకటి తలకిందులు. ముసలి పిల్లికి హార్మోను ఎక్కువవుతుంది. బాగా తింటూనే చిక్కిపోతుంది, రాత్రిళ్లు అరుస్తుంది. పెరిగిన హార్మోను కిడ్నీకి రక్త సరఫరా పెంచుతుంది కాబట్టి కిడ్నీ జబ్బు కూడా ఉంటే దాన్ని కప్పేస్తుంది. థైరాయిడ్‌కు మందు మొదలెట్టాక క్రియాటినిన్ పెరిగితే ‘మందే కిడ్నీని పాడుచేసింది’ అనుకుంటారు. నిజానికి అంతవరకూ దాగి ఉన్నది బయటపడుతుంది. కుక్కకు హార్మోను తగ్గుతుంది. అయితే ఇంకేదైనా జబ్బు ఉన్నా, స్టెరాయిడ్, ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటాల్, కొన్ని సల్ఫా మందులు వాడుతున్నా థైరాయిడ్ హార్మోను టీ4 తగ్గి కనిపిస్తుంది. ఒక్క టీ4 తక్కువ వచ్చిందని జీవితాంతం థైరాయిడ్ మాత్రలు మొదలుపెట్టడం తొందరపాటు. దానితో పాటు టీఎస్‌హెచ్, వీలైతే ఫ్రీ టీ4 చూడాలి.

గుండె విషయంలో 20 కిలోల లోపు కుక్కలది ఒక కథ. పొమరేనియన్, షిట్జూ, డాష్‌హండ్ వంటి చిన్న జాతుల్లో మైట్రల్ కవాటం వయసుతో మందమై లీకవుతుంది. స్టెతస్కోపుతో వినిపించే మర్మర్ అనే అదనపు చప్పుడు దీనికి తొలి సూచన. మర్మర్ ఉన్న ప్రతి కుక్కకూ మందు అక్కర్లేదు. ఎకో పరీక్షలో ఎడమ గదులు పెద్దవైనట్టు తేలితేనే పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెట్టాలి. 2016లో వెలువడిన ఎపిక్ అధ్యయనంలో, ఈ దశలో మందు ఇచ్చిన కుక్కలకు గుండె వైఫల్యం సుమారు 15 నెలలు ఆలస్యమైంది. గుండె పెరగని దశలో ఇస్తే ఇలాంటి లాభం రుజువు కాలేదు. స్క్రీనింగ్ ఇక్కడ నేరుగా చికిత్స నిర్ణయాన్ని మారుస్తుంది.

ఇంట్లో చేయగల కొలత ఒకటుంది. గాఢనిద్రలో ఉన్నప్పుడు ఛాతీ పైకి లేచి దిగడాన్ని ఒక శ్వాసగా నిమిషంపాటు లెక్కపెట్టాలి. 30 లోపు ఉండాలి. ఫ్యాన్ కింద, చల్లటి గదిలో లెక్కపెట్టినా వరసగా రెండు మూడు రోజులు దాటుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో వెంటనే చూపించాలి.

విదేశీ జాబితాల్లో లేనివి, ఇక్కడ వదిలేయకూడనివి

ఇంటర్నెట్‌లో దొరికే సీనియర్ పరీక్షల జాబితాలు ఎక్కువగా అమెరికా, ఐరోపా పరిస్థితులకు తయారైనవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాతావరణంలో పిడుదులకు దాదాపు ఏడాది పొడవునా కాలమే. వాటి ద్వారా వచ్చే ఎర్లీషియా, బబీసియా, హెపటోజూన్ వంటి సూక్ష్మజీవులు తొలి జ్వరం తగ్గాక కూడా కొన్ని కుక్కల్లో నెలలు, ఏళ్ల తరబడి దాగి ఉంటాయి. దీర్ఘకాలిక ఎర్లీషియాసిస్‌లో ప్లేట్‌లెట్లు తగ్గడం, రక్తంలోని ప్రోటీన్లలో గ్లోబ్యులిన్ పెరగడం, ఆల్బుమిన్ పడిపోవడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం కనిపిస్తాయి. ‘ముసలిదైపోయింది, అందుకే నీరసం’ అనుకున్న కుక్కల్లో అసలు కారణం ఇది కావచ్చు.

అందువల్ల ఇక్కడి ముసలి కుక్కకు రక్తకణాల లెక్కతో పాటు స్లైడు మీద రక్తపు పూత కూడా సూక్ష్మదర్శినిలో చూడాలి. ప్లేట్‌లెట్లు సాధారణంగా రెండు నుంచి ఐదు లక్షల మధ్య ఉంటాయి. పది నిమిషాల్లో తేల్చే కిట్ పరీక్ష యాంటీబాడీలను మాత్రమే చూస్తుంది. చికిత్స పూర్తయ్యాక కూడా అవి నెలలు, ఒక్కోసారి ఏళ్లు మిగిలి ఉంటాయి. పాజిటివ్ వచ్చినా కుక్క చురుగ్గా ఉండి, ప్లేట్‌లెట్లు, ప్రోటీన్లు, మూత్రం బాగుంటే గతంలో సోకిందని మాత్రమే అర్థం. ఏటా పాజిటివ్ రాగానే ఏటా 28 రోజుల డాక్సీసైక్లిన్ కోర్సు ఇవ్వనక్కర్లేదు. సందేహముంటే సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ చేయించాలి.

రెండోది, ఇక్కడ ఆడకుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించని ఇళ్లు ఎక్కువ. అలాంటి కుక్కకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే పయోమెట్రా ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్లు తక్కువగా జరిగే స్వీడన్‌లో బీమా రికార్డుల ఆధారంగా చూస్తే, పదేళ్ల వయసులోపు సుమారు నాలుగో వంతు ఆడకుక్కలకు ఈ జబ్బు వచ్చింది. ఎదకు వచ్చి వెళ్లిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో నీళ్లు విపరీతంగా తాగడం, మేత మానడం కనిపిస్తే అనుమానించాలి. స్రావం బయటికి రాని రకం మరీ ప్రమాదకరం, గర్భసంచి లోపలే పగిలే వీలుంది. ప్రతి ఎద తేదీనీ క్యాలెండరు మీద రాసిపెట్టుకోవడం దీనికి అన్నిటికంటే చవకైన స్క్రీనింగ్.

అలాగే ఛాతీ నుంచి తొడల మధ్య దాకా రెండు వరసల్లో ఉండే పాలగ్రంథులను నెలకోసారి వేళ్లతో తడమాలి. కుక్కకు మామూలుగా ఐదు జతలు, పిల్లికి నాలుగు. ఇక్కడ వచ్చే కణితుల్లో కుక్కల్లో సుమారు సగం క్యాన్సర్లు, పిల్లుల్లో అయితే అత్యధికం క్యాన్సర్లే. పిల్లి గ్రంథిలో బఠాణీగింజంత గడ్డ తగిలినా ‘చూద్దాంలే’ అనే వీల్లేదు. వృషణాలు తీయించని ముసలి మగకుక్కల్లో ప్రోస్టేట్ వాపు దాదాపు మామూలే. మలం రిబ్బన్‌లా సన్నగా రావడం, ముక్కడం దాని గుర్తులు.

మనుషుల ల్యాబులో జంతువు రక్తం

జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో జంతువుల కోసం ప్రత్యేక ల్యాబు అరుదు. శాంపిల్ పక్కవీధిలోని మామూలు డయాగ్నొస్టిక్ సెంటరుకే వెళుతుంది. రసాయన పరీక్షల్లో చాలావరకు ఇబ్బంది లేదు, క్రియాటినిన్ ఎవరిదైనా క్రియాటినినే. సమస్య రెండు చోట్ల వస్తుంది. ఒకటి, రిపోర్టు మీద అచ్చయ్యేది మనిషి పరిధి. మనిషి ఎర్రకణం సగటు పరిమాణం 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు. కుక్కది సుమారు 60 నుంచి 77, పిల్లిది 39 నుంచి 55. ఆరోగ్యంగా ఉన్న ప్రతి పిల్లీ ఆ రిపోర్టులో ఐరన్ లోపం ఉన్నదానిలా కనిపిస్తుంది. క్రియాటినిన్ 1.5 ఉన్న మామూలు పిల్లి కిడ్నీ రోగిగా మారిపోతుంది.

రెండోది యంత్రం. పిల్లి ప్లేట్‌లెట్లు పెద్దవి, పైగా సులువుగా ముద్దలు కడతాయి. పిల్లి ఎర్రకణాలేమో చిన్నవి. మనుషుల కోసం అమర్చిన యంత్రం వీటి తేడా పట్టలేదు. ‘ప్లేట్‌లెట్లు 40 వేలు’ అని వచ్చిన పిల్లి రిపోర్టును స్లైడు చూడకుండా నమ్మడానికి లేదు.

ట్యూబుల దగ్గర జరిగే తప్పులూ తక్కువేం కావు. కణాల లెక్కకు ఊదామూత ట్యూబు, రసాయన పరీక్షలకు ఎర్రమూత ట్యూబు వాడాలి. ఊదా ట్యూబులో ఎక్కువైన రక్తాన్ని ఎర్ర ట్యూబులో ఒంపితే, ఊదా ట్యూబులోని మందు వల్ల పొటాషియం అమాంతం పెరిగి, కాల్షియం పడిపోయినట్టు వస్తుంది. గడ్డకట్టిన రక్తం నుంచి సీరాన్ని గంటలోపు వేరుచేయకపోతే కణాలు చక్కెరను తినేస్తూ పోతాయి, గంటకు ఐదు నుంచి పది శాతం. సాయంత్రం తీసి మర్నాడు నడిపిన శాంపిల్‌లో షుగర్ తక్కువ కనిపిస్తే జంతువుకు ఏమీ కాకపోవచ్చు. క్లినిక్‌లోనే సెంట్రిఫ్యూజ్ ఉందా అని అడగడం తప్పు కాదు.

ఎకో, అల్ట్రాసౌండ్, కణితుల పరీక్ష వంటివి అవసరమైతే పశువైద్య కళాశాలల బోధనాసుపత్రులు అందుబాటులో ఉన్నాయి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి.

యంత్రం అక్కర్లేనివి

ఖర్చు తక్కువ, సమాచారం ఎక్కువ ఇచ్చేది బరువు. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే పదోవంతు తగ్గినట్టు, 70 కిలోల మనిషి ఏడు కిలోలు కోల్పోవడంతో సమానం. బొచ్చు కింద అది కంటికి కనిపించదు. కిడ్నీ జబ్బు తేలిన పిల్లులు అంతకు ముందరి ఏడాదిలోనే బరువులో సుమారు తొమ్మిది శాతం కోల్పోయినట్టు పరిశోధనలో తేలింది. నెలకోసారి పసిపిల్లల తూకం మీద కూర్చోబెట్టి రాసుకుంటే చాలు. కుక్కనైతే ఎత్తుకుని తూగి, మనిషి బరువు తీసేయవచ్చు.

కుక్కల్లో ఎదురు సమస్య ఉంది, అది అధిక బరువు. అమెరికాలో 48 లాబ్రడార్‌లను జతలుగా విడగొట్టి జీవితాంతం గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. జతలోని రెండోదానికంటే 25 శాతం తక్కువ మేత పెట్టిన కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, మిగతావాటిది 11.2 ఏళ్లు. కీళ్ల అరుగుదల కూడా ఆలస్యమైంది. ఏ ల్యాబ్ ప్యాకేజీకీ ఇంత ప్రభావం ఉన్నట్టు దాఖలా లేదు.

నీళ్లు కొలవడం ఇంకొకటి. రోజుకు కిలో బరువుకు కుక్క 100 మిల్లీలీటర్లు, పిల్లి 50 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే కిడ్నీ, షుగర్, కుషింగ్స్ (ఒంట్లో స్టెరాయిడ్ హార్మోను ఎక్కువయ్యే జబ్బు), పయోమెట్రా దాకా వెతకాలి. 30 కిలోల లాబ్రడార్‌కు ఆ గీత మూడు లీటర్లు. ఎండాకాలంలో ఒక్కరోజు చూసి నిర్ణయించకుండా మూడు రోజుల సగటు తీసుకోవాలి.

చర్మం మీది గడ్డలను చూసి, తడిమి ‘కొవ్వుగడ్డే’ అని చెప్పడం అనుభవజ్ఞులకూ సాధ్యం కాదు. మాస్ట్ కణాల క్యాన్సర్ మెత్తటి కొవ్వుగడ్డలాగే తగలగలదు. సెంటీమీటరు పరిమాణం దాటినా, నెలకు పైగా ఉన్నా సన్నని సూదితో కణాలు తీసి చూడాలి. మత్తు అక్కర్లేని ఐదు నిమిషాల పని ఇది.

పళ్ల మీది గార పైకి కనిపించేది. అసలు జబ్బు చిగురు కింద, వేరు చుట్టూ ఉంటుంది. మత్తు లేకుండా పైపైన గీకించే ‘క్లీనింగ్’ వల్ల పళ్లు తెల్లబడతాయి, జబ్బు అలాగే ఉంటుంది. ఇక కీళ్లు. పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు చూసిన 2002 నాటి అధ్యయనంలో 90 శాతానికి కీళ్ల అరుగుదల ఉంది. వాటిలో కుంటేవి తక్కువ. బీరువా ఎక్కడం మానేయడం, ట్రే అంచు దాటలేక పక్కన పోయడం, వీపు దువ్వుకోకపోవడంతో నడుము దగ్గర బొచ్చు ఉండకట్టడం వాటి కుంటుడు. ఇది గమనించి ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయడం మాత్రం ప్రాణాంతకం. పిల్లిని ఒక్క పారాసిటమాల్ మాత్ర చంపగలదు, కుక్కకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ప్రమాదకరం.

ఎక్కడ ఆగాలి

జబ్బును ముందే వెతకడం ఎప్పుడు అర్థవంతమో 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ కొన్ని సూత్రాలు రాశారు. మనుషుల కోసం రాసినవే అయినా ఇక్కడికీ వర్తిస్తాయి. జబ్బుకు లక్షణాలు లేని తొలిదశ ఉండాలి, దాన్ని పట్టే పరీక్ష ఉండాలి, ఆ దశలో చికిత్స చేస్తే ఫలితం మారాలి. పిల్లి రక్తపోటు, చిన్న కుక్కల గుండె కవాటం, రెండో దశ కిడ్నీ జబ్బు ఈ మూడింటికీ సరిపోతాయి.

ప్లీహంలో వచ్చే హెమాంజియోసార్కోమా అంతగా సరిపోదు. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్‌లలో ఎక్కువగా కనిపించే ఈ క్యాన్సర్ గడ్డ పగిలి లోపల రక్తస్రావమైతేనే తెలుస్తుంది. ఏటా అల్ట్రాసౌండ్ చేస్తే ముందే దొరకవచ్చు. కానీ ఆపరేషన్ ఒక్కటే చేస్తే సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, కీమోతో కలిపి నాలుగు నుంచి ఆరు నెలలు బతుకుతాయి. మరోవైపు, ముసలి కుక్కల ప్లీహంలో హాని లేని గడ్డలు కూడా సాధారణం, స్కానింగ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అనవసరమైన కోతకు కారణమయ్యే అవకాశం ఉన్న పరీక్ష ఇది. పెద్ద జాతి కుక్క యజమాని తెలిసి ఎంచుకుంటే తప్పులేదు. ప్యాకేజీలో ఉంది కదా అని చేయించడం వేరు.

లివర్ అంకెల్లోనూ ఇదే వివేచన కావాలి. ముసలి కుక్కలో ఏఎల్‌పీ అనే ఎంజైము కాస్త పెరగడం చాలా మామూలు. స్టెరాయిడ్ చెవిచుక్కలు, పళ్ల జబ్బు, లివర్‌లో వయసుతో వచ్చే హానిలేని ముడులు ఏవైనా కారణం కావచ్చు. నీళ్లు ఎక్కువ తాగడం, పొట్ట వేలాడటం, బొచ్చు రాలడం లాంటి లక్షణాలు లేకుండా ఆ ఒక్క అంకె పట్టుకుని కుషింగ్స్ పరీక్షలకు పోతే తప్పుడు పాజిటివ్‌లే ఎక్కువ వస్తాయి. పిల్లిలో లెక్క వేరు. కుక్క రక్తంలో ఈ ఎంజైము సగానికి తగ్గడానికి సుమారు 70 గంటలు పడితే, పిల్లిలో ఆరు గంటలే. కాబట్టి పిల్లిలో కొద్దిపాటి పెరుగుదలను కూడా పట్టించుకోవాలి.

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు వరస ఇలా ఉంటే బాగుంటుంది: డాక్టరు చేతి పరీక్ష, బరువు, మూత్రం, రక్తకణాల లెక్కతో పాటు స్లైడు, క్రియాటినిన్ ఉన్న చిన్న రసాయన పరీక్ష, పిల్లికైతే వీటితో పాటు బీపీ, టీ4. మర్మర్ వినిపిస్తే ఎకో. ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్ వీటిలో ఏదైనా తేడా కనిపించినప్పుడు చేయించవచ్చు.

మరీ వయసు మీరిన జంతువుకు, అంటే పదహారేళ్ల పొమరేనియన్‌కో పద్దెనిమిదేళ్ల పిల్లికో, ప్రతి పరీక్షకు ముందూ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఏదైనా దొరికితే ఆపరేషన్‌కో కీమోకో ఒప్పుకుంటామా? ఒప్పుకోకపోతే దాన్ని వెతికే స్కానింగ్ మానేయవచ్చు. ఆ వయసులోనూ వదలకూడనివి రోజువారీ సుఖాన్ని మార్చేవి: నొప్పి, రక్తపోటు, పొటాషియం, నోటిలో పుళ్లు, మలబద్ధకం, రాత్రివేళ దిక్కుతోచక తిరగడం.